కారింగ్స్ వరుసలో మూడున్నరేళ్లు: పాపను దత్తత తెచ్చుకున్న మా అనుభవం

బిడ్డను దత్తత తెచ్చుకోవాలని మేమిద్దరం నిశ్చయించుకున్నది 2021 వేసవిలో. విశాఖపట్నంలో మాకు తెలిసినవారిలో కేంద్ర దత్తత సంస్థ కారా నడిపే కారింగ్స్ పోర్టల్ ద్వారా బిడ్డను తెచ్చుకున్నవారు ఒకే ఒక్క కుటుంబం. ఆ ఇంటి ఇల్లాలు మాకు చెప్పిన మొదటి మాట, "నమోదు చేసుకోకముందే కాగితాలన్నీ చేతిలో పెట్టుకోండమ్మా, నమోదయ్యాక అవి ఎక్కించడానికి ముప్పై రోజులే గడువు" అని. పోర్టల్ అడిగే పత్రాలేమిటో చూశాక ఆ మాట ఎంత అక్కరకొచ్చిందో తెలిసింది. పాన్ కార్డులు, పుట్టిన తేదీకీ చిరునామాకీ ఆదాయానికీ రుజువులు, దీర్ఘకాలికమైన, అంటుకునే, ప్రాణాంతకమైన జబ్బులేవీ లేవని డాక్టరు ఇచ్చే పత్రం, పెళ్లి ధ్రువపత్రం, ఇద్దరం కలిసి ఉన్న ఫొటో కావాలి. 2013లో సింహాచలంలో జరిగిన మా పెళ్లిని రిజిస్టరు చేయించుకోవలసిన అవసరం అంతవరకూ రాలేదు. పాత శుభలేఖ వెతికి, తలంబ్రాల ఫొటో ప్రింటు తీయించి, సాక్షులను వెంటబెట్టుకుని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లి ఆ పని ముగించుకున్నాము.

పేర్ల సంగతి మరీ చిక్కు. మా ఆయన పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే ఆధార్‌లో పొడి అక్షరమే ఉంది. నా పాన్ పుట్టింటి ఇంటిపేరుతోను, ఆధార్ మెట్టినింటి ఇంటిపేరుతోను ఉన్నాయి. ఎదురుగా మనిషి ఉంటే ఒక మాట చెప్పి ఒప్పించవచ్చు గానీ, తెర మీద ఎవరికి చెప్పుకుంటాము? ముందే అన్నిటినీ ఒక్క తీరుకు తెచ్చుకున్నాము. అందుకు దాదాపు నెల పట్టింది. జూలై నెలలో నమోదు చేసి, పత్రాలన్నీ పోర్టల్ చెప్పిన పరిమాణానికి కుదించి ఎక్కించాము. బిడ్డ కోసం ఎదురుచూసేవారి వరుసలో మన స్థానాన్ని పత్రాలు ఎక్కించి నమోదు పూర్తిచేసిన తేదీని బట్టే లెక్కిస్తారు కనుక, కాగితాలు సిద్ధం చేసుకోవడంలో గడిపిన ఆ నెల మినహా నమోదులో మాకు ఇంకేమీ ఆలస్యం జరగలేదు.

సెప్టెంబరులో హోమ్ స్టడీ, అంటే దత్తతకు ముందు ఇంటినీ ఇంట్లోవాళ్లనూ చూసి చేసే పరిశీలన, జరిగింది. మర్రిపాలెంలోని మా ఇంటికి సామాజిక కార్యకర్త ఒకావిడ ఉదయాన్నే వచ్చారు. ఇల్లు ఎంత గొప్పగా ఉందో చూస్తారనుకుని ముందురోజంతా కడిగి, తుడిచి, కొత్త దుప్పట్లు పరిచి ఉంచాము. ఆవిడ వాటి వైపు చూడనే లేదు. బాల్కనీ కడ్డీల మధ్య ఎంత ఖాళీ ఉందో చేత్తో కొలిచి చూశారు. నీళ్లు ఎక్కడివి తాగుతారు, మీరిద్దరూ ఉద్యోగానికి వెళ్తే పగలు బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది, జీతం ఆగిపోతే ఎన్నాళ్లు నెట్టుకురాగలరు అని అడిగారు. తర్వాత మా ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడారు. పిల్లల కోసం చేయించుకున్న వైద్యం గురించి, అది ఫలించనప్పుడు ఇంట్లో జరిగిన మాటల గురించి ఆవిడ అడిగినప్పుడు, సొంత అమ్మతో కూడా చెప్పుకోని సంగతులు ఆ రోజు నా నోటి నుంచి వచ్చాయి. దత్తత బిడ్డవని ఏ వయసులో, ఎలా చెబుతారని అడిగితే మేమిద్దరం వేర్వేరుగా ఇచ్చిన జవాబులు కలవలేదు. దానికి ఆవిడ తప్పుపట్టలేదు. బిడ్డ వచ్చేలోగా ఇద్దరూ కూర్చుని ఒక మాట మీదికి రండి అని మాత్రం చెప్పారు.

మా అత్తగారిది శ్రీకాకుళం జిల్లా. రక్తసంబంధం లేని బిడ్డ అన్న సంకోచం ఆవిడకు మొదట్లో బలంగానే ఉండేది. వంటింటి గుమ్మంలో నిలబడి ఈ ప్రశ్నలన్నీ వింటూ, "ఏటమ్మా ఇది, పిల్లనివ్వడానికి ముందు ఇల్లూ వాకిలీ సూసుకోడానికొచ్చినట్టున్నారు" అన్నారు. సామాజిక కార్యకర్త నవ్వి, "పిల్లనే కదండీ పెద్దమ్మగారూ ఇస్తున్నాం" అని, రాత్రిపూట బిడ్డ ఏడిస్తే ఎవరు లేస్తారని ఆవిడనే అడిగారు. "నానే లెగుస్తాను, ఈలిద్దరికీ నిద్దరెక్కువ" అని మా అత్తగారు ఠక్కున చెప్పిన జవాబును ఆవిడ నోటు పుస్తకంలో రాసుకోవడం నేను చూశాను.

హోమ్ స్టడీకి 6,000 రూపాయలు చెల్లించాము. నివేదిక అక్టోబరులో పోర్టల్‌లోకి ఎక్కింది, దాన్ని మనం కూడా చదువుకోవచ్చు. మన సంసారాన్ని పరాయి మనిషి ఇన్ని పేజీల్లో రాసి పెడితే చదవడం వింతగా ఉంటుంది. అందులో అత్తగారి సంకోచమూ ఉంది, రాత్రి లేస్తానన్న మాటా ఉంది.

ఆ తర్వాతిదంతా నిరీక్షణే. పోర్టల్‌లోకి వెళితే వరుసలో మన సంఖ్య కనిపిస్తుంది. మేము ఆంధ్రప్రదేశ్‌నే ఎంచుకున్నాము. రెండేళ్ల లోపు బిడ్డ కావాలన్నాము. ఆడో మగో అన్న పట్టింపు పెట్టుకోలేదు. మొదటి ఏడాది నేను ప్రతి ఉదయం కాఫీ తాగుతూ ఆ సంఖ్య చూసేదాన్ని. కొన్ని నెలలు అది కదలదు, కొన్నిసార్లు ఒక్కసారిగా పదుల్లో దిగుతుంది, మరికొన్నిసార్లు విచిత్రంగా పెరుగుతుంది. పెరిగినప్పుడు ఎవరో పలుకుబడితో మనల్ని దాటిపోయారన్న అనుమానం రాకుండా ఉండదు. ఆ విషయమే అడిగితే, గడువు ముగిసి ఆగిపోయిన పాతవారు నివేదికను పునరుద్ధరించుకుని తిరిగి తమ స్థానంలోకి వచ్చినప్పుడు అలా జరుగుతుందని చెప్పారు. ఆ వివరణ ముందే తెరమీద ఒక్క వాక్యంగా రాసి ఉంటే ఎన్నో కుటుంబాలకు ఆ రాత్రుల నిద్ర మిగిలేది. 2023 అంతా ఆ సంఖ్య మమ్మల్ని ఎక్కిరిస్తున్నట్టే ఉండేది. చివరికి ఆయనే నెలకొకసారి, ఒకటో తారీఖున మాత్రమే చూడాలని ఇంట్లో నియమం పెట్టారు. ఒకటో తారీఖు రాగానే అత్తగారు పేపరు చదువుతున్నట్టు నటిస్తూ "నంబరేమైనా కదిలిందా" అని అడిగేవారు.

ఇంత ఆలస్యానికి కంప్యూటరే కారణమని చాలామంది అంటారు. నాకు అలా అనిపించలేదు. దేశం మొత్తం మీద 2024-25లో జరిగిన దత్తతలు 4,515. అప్పటికి అదే ఇటీవలి సంవత్సరాల్లోకెల్లా ఎక్కువ. వరుసలో నిలబడినవారేమో ముప్పై వేలకు పైమాటే. చట్టప్రకారం దత్తతకు అర్హత పొందే బిడ్డలు తక్కువైనప్పుడు ఏ యంత్రమైనా వరుసను పొట్టిది చేయలేదు. వరుస ఉందని, అది అందరికీ ఒక్కటేనని చూపించగలదు. ఆ చూపించడం విలువ నాకు తెలిసింది దూరపు బంధువు ఒకాయన ఫోను చేసిన రోజున. ఫలానా చోట ఒక బిడ్డ ఉందని, కొన్ని లక్షలు సర్దితే పురిటి పత్రమే మా పేరున పుట్టిస్తారని, ఈ వరుసలూ నంబర్లూ మనకెందుకని ఆయన మంచి చేస్తున్నట్టే చెప్పారు. బిడ్డను కొనడం అమ్మడం బాలల న్యాయ చట్టం 81వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు కఠిన జైలుశిక్షకు, లక్ష రూపాయల జరిమానాకు దారితీసే నేరం. అంతకన్నా నన్ను భయపెట్టింది, ఆ బిడ్డ వెనక ఏ తల్లి ఏడుపు ఉందో మనకు ఎప్పటికీ తెలియకపోవడం. ఆయనకు ఆ రోజే వద్దని చెప్పేశాము. అయితే ఆ సంవత్సరమంతా మా నంబరు కదలలేదన్నది నిజం. ఆశపడేవారి మనసు ఎలాంటి సమయంలో మెత్తబడుతుందో కూడా నాకు అప్పుడే అర్థమైంది.

హోమ్ స్టడీ నివేదిక మూడేళ్లే చెల్లుతుంది. మాది 2024 అక్టోబరుకు ముగుస్తుంది కనుక జూలైలోనే పునరుద్ధరణకు అడిగాము. కొత్త ఆదాయ రుజువు, కొత్త వైద్య పత్రం, మళ్లీ ఇంటికి రావడం, మళ్లీ ప్రశ్నలు. ఈసారి వచ్చినవారు వేరే ఆయన. మొదటి నివేదిక చదువుకుని వచ్చారు గనక తొందరగానే అయిపోయింది. నివేదిక ఎక్కించామని చెప్పిన తర్వాత కూడా మా ఖాతాలో చాలా వారాలు పాత గడువు తేదీయే కనిపించింది. ఆ తేదీ దాటితే వరుసలోంచి తాత్కాలికంగా ఆపేస్తారన్న బెంగతో ఈమెయిళ్లు పంపాము, జవాబు రాలేదు. చివరికి తెర ఫొటో తీసి ప్రింటు పట్టుకుని సంబంధిత కార్యాలయానికి నేరుగా వెళ్లాము. అక్కడి ఉద్యోగిని ఒకామె ఫైలు తెరిచి, నివేదిక ఎక్కింది గానీ ఆమోదం మీట నొక్కలేదని గుర్తించి, మా ముందే నొక్కించింది. అరనిమిషం పని. ఫోనులోనూ ఈమెయిల్లోనూ నెలన్నర పాటు ఎవరికీ కనిపించని ఆ అరనిమిషం కోసం మా ఆయన అచ్యుతాపురంలో పనికి సెలవు పెట్టి రావలసి వచ్చింది.

ఆ మధ్యకాలంలో మరో బెంగ కూడా ఉండేది. 2022లో వచ్చిన దత్తత నిబంధనల ప్రకారం రెండేళ్ల లోపు బిడ్డకు దంపతుల వయసులు కలిపి 85 దాటకూడదు. మేము నమోదు చేసుకున్నప్పుడు ఆయనకు 39, నాకు 36. అర్హత నమోదు తేదీని బట్టే చూస్తారని చెప్పినా, ప్రతి పుట్టినరోజుకూ ఇద్దరి వయసులూ కూడిక వేసుకోవడం అలవాటైపోయింది.

2025 ఫిబ్రవరి 11, మంగళవారం. సిరిపురంలో మా ఆఫీసులో పనిలో ఉండగా పదకొండున్నర దాటాక మెసేజి వచ్చింది. రిఫరల్, అంటే మా వంతుకు వచ్చిన బిడ్డ వివరాలు, వచ్చిందని, 48 గంటల్లోగా బిడ్డను రిజర్వు చేసుకోవాలని అందులో ఉంది. ఇలాంటివి రిజర్వు చేసుకోవడానికి మూడు అవకాశాలు ఇస్తారు, ఒకదానికీ మరోదానికీ మధ్య కనీసం నెల విరామం ఉంటుంది. మొదటిసారి మెసేజి చూసినవారికి ఇవేవీ గుర్తుండవు. లాగిన్ అవుదామంటే ఓటీపీ రాలేదు. మెట్ల దగ్గర సిగ్నలు బాగుంటుందని అక్కడికి పరిగెత్తి, మళ్లీ ప్రయత్నించి లోపలికి వెళ్లాక ఫొటో కనబడింది. ఆకుపచ్చ గౌను వేసుకున్న పాప. ఎత్తుకున్నవారి ముఖం లేకుండా కత్తిరించిన ఫొటో అది. పాప కుడిచేతి గుప్పిట్లో మాత్రం ఆ మనిషి చీర చెంగు ఉంది.

ఫొటోతో పాటు రెండు నివేదికలు ఉంటాయి: బిడ్డ గురించి ఒకటి, వైద్య పరీక్షల గురించి మరొకటి. ఏడు నెలల పాప, బరువు 6.1 కిలోలు, పుట్టినప్పుడు 1.9 కిలోలు. హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలన్నీ నెగెటివ్. తలచుట్టు కొలత, వినికిడి, మెడ నిలబెట్టిన వయసు. ఫోను తెరమీద ఆ అంకెలు చూస్తుంటే నాకేమీ బోధపడలేదు, పాప చెయ్యి తప్ప ఏదీ కనబడలేదు. ఆయన అచ్యుతాపురం నుంచి వచ్చేసరికి సాయంత్రమైంది. నెట్ సెంటరులో ప్రింటు తీయిస్తే డాక్టరుకు చూపించడం తేలికే, కానీ ఒక బిడ్డ రహస్యాలు ఎవరి కంప్యూటరులోనో మిగిలిపోవడం మాకు ఇష్టం లేకపోయింది. లాప్‌టాప్ పట్టుకునే మహారాణిపేటలో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లి, అందరు రోగులూ వెళ్లిపోయేదాకా కూర్చున్నాము.

డాక్టరుగారు తొందరపడలేదు. ఏడు నెలల ఆడపిల్లలు మామూలుగా ఏడున్నర కిలోల చుట్టుపక్కల ఉంటారని, ఈ పాప కింది గీతకు కొంచెం పైన ఉందని చెప్పారు. తర్వాత ఎదుగుదల పట్టిక కాగితం ఒకటి తీసి, నివేదికలో నెలనెలా రాసిన బరువులను ఒక్కొక్కటిగా పెన్సిలుతో చుక్కలు పెట్టి కలిపారు. తక్కువ బరువుతో పుట్టిన పాప గీత ఎక్కడా కిందికి వంగకుండా పెద్ద గీతల పక్కనే పైకి పోతోంది. "నాకు కావలసింది ఇదే. ఇంతకు మించి రేపటి సంగతి ఏ బిడ్డ విషయంలోనూ ఎవరూ చెప్పలేరమ్మా, మీకు పుట్టినా చెప్పలేను" అన్నారు. ఫీజు అడిగితే తీసుకోలేదు. వరుసలో ఉన్నవారికి నేను గట్టిగా చెప్పేది ఈ ఒక్కటే: రిఫరల్ వచ్చాక డాక్టరును వెతుక్కునే సమయం ఉండదు, ముందే ఒకరితో మాట్లాడి ఉంచుకోండి.

బుధవారం మధ్యాహ్నం, ఇంకా దాదాపు ఒక రోజు గడువు ఉండగానే, ముగ్గురం లాప్‌టాప్ ముందు కూర్చుని రిజర్వు మీట నొక్కాము. "మీ రిజర్వేషన్ నమోదైంది" అన్న మాటలు తప్ప తెరమీద ఇంకేమీ రాలేదు. అత్తగారికి అది నచ్చలేదు. రైలు టికెట్టుకైనా బండి పేరూ బెర్తు నంబరూ వస్తాయి కదా అన్నారు.

మర్నాడే శిశువును చూసుకుంటున్న సంస్థ నుంచి ఫోను వచ్చింది. పాప ఏ జిల్లాలో ఉండేదో, అక్కడికి ఎలా చేరిందో నేను ఇక్కడ రాయను. అది పాప సొంత కథ, పెద్దయ్యాక తను చెప్పాలనుకుంటే చెబుతుంది. రిజర్వు చేసిన ముప్పై రోజుల్లోగా దత్తత కమిటీ ముందు హాజరై ఒప్పుకోవాలి. మేము ఫిబ్రవరి చివరి వారంలో రాత్రి రైలెక్కి వెళ్లాము. కమిటీలో సంస్థవారు, డాక్టరు, జిల్లా బాలల సంరక్షణ విభాగం అధికారి ఉన్నారు. మూలపత్రాలన్నీ పోర్టల్‌లో ఉన్నవాటితో పోల్చి చూశారు. వైద్య నివేదిక ప్రతి పేజీ మీదా సంతకం పెట్టించారు. పిల్లల సంరక్షణ నిధికి 50,000 రూపాయలు బ్యాంకు ద్వారా చెల్లించాము, రశీదు ఇచ్చారు. నోటరీ ఖర్చులు, రైలు, అక్కడి గది అన్నీ కలిపి మరో ఇరవై వేలు అయ్యాయి. ఇంతకు మించి ఎక్కడా ఎవరూ ఒక్క రూపాయి అడగలేదు.

పాపను మా చేతికిచ్చింది మార్చి మొదటి వారంలో. చంకనెత్తుకుని తీసుకొచ్చిన ఆయా చీరను చూడగానే ఫొటోలో చెంగు ఎవరిదో తెలిసింది. ఆవిడతో మాట్లాడడానికి మాకు పావుగంట దొరికింది, నా దృష్టిలో ఆ ప్రయాణమంతటిలో అతి విలువైన పావుగంట అది. పాప ఎడమచెవి పట్టుకుని నిద్రపోతుందని, పాలు గోరువెచ్చగా లేకపోతే ముఖం తిప్పేస్తుందని, ఫ్యాను చప్పుడు ఆగితే లేస్తుందని, స్నానానికి ముందు ఏడుస్తుంది గానీ నీళ్లు పడ్డాక నవ్వుతుందని ఆవిడ చెబుతుంటే రైలు టికెట్టు వెనకాల రాసుకున్నాను. అన్ని పేజీల నివేదికల్లో ఇందులో ఒక్క ముక్కా లేదు. పోర్టల్‌లో ఆ బిడ్డను పెంచిన మనిషి రాసే ఒక గడి ఉంటే బాగుండునని నేను తర్వాత ఒక అభ్యర్థన పంపాను, దానికి జవాబు ఇంకా రాలేదు.

సెలవు విషయంలో మాకు దెబ్బ తగిలింది. దత్తత తల్లికి పన్నెండు వారాల ప్రసూతి సెలవు చట్టంలో ఉంది కానీ, అప్పటి చట్టం ప్రకారం బిడ్డ వయసు మూడు నెలల లోపు ఉండాలని నేను పనిచేసే సంస్థ చెప్పింది. వదిలేసిన బిడ్డ తల్లిదండ్రుల కోసం వెతకడానికి, అప్పగించిన తల్లి మనసు మార్చుకోవడానికి రెండు నెలలు ఇవ్వడమే నియమమైనప్పుడు, ఆ తర్వాతి పనులన్నీ దాటుకుని మూడు నెలల లోపు ఏ బిడ్డ ఏ ఇంటికి చేరుతుందో నాకు అర్థం కాలేదు. జీతం లేని సెలవు తీసుకున్నాను. మొదటి పది రాత్రులు పాప నా దగ్గర నిద్రపోలేదు, అత్తగారి దగ్గరే పడుకునేది. సామాజిక కార్యకర్తకు ఇచ్చిన మాట ఆవిడ అక్షరాలా నిలబెట్టుకున్నారు. నాకు లోలోపల కొంత చిన్నతనంగా ఉండేది, అది కూడా రాయకపోతే అబద్ధమవుతుంది.

దత్తత ఉత్తర్వు మన జిల్లా కలెక్టరు ఇస్తారని అనుకునేవారు చాలామంది ఉన్నారు. సంస్థ ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా కలెక్టరు ఇస్తారు. 2022 సెప్టెంబరుకు ముందు అది కోర్టు పని. మాకు దరఖాస్తు చేసిన రెండు నెలల్లోపే, మే నెలలో ఉత్తర్వు వచ్చింది. జూన్‌లో మా పేర్లతో పుట్టినతేదీ ధ్రువపత్రం, జూలైలో నీలిరంగు బాల ఆధార్ వచ్చాయి. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టినతేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే కావాలి గనక ఆధార్ కోసం ముందుగా తొందరపడి ప్రయోజనం లేదు. చిన్న ఇబ్బంది టీకాల కార్డు దగ్గర వచ్చింది. అది పాప పాత పేరుతో ఉంది. మా వార్డులోని ఆరోగ్య కేంద్రం ఏఎన్ఎం దాన్ని పారేయొద్దని చెప్పి, కొత్త కార్డు వెనక పిన్ను కొట్టి, వేసిన టీకాల తేదీలను ఒక్కొక్కటిగా కొత్తదానిలోకి తానే ఎక్కించింది.

రెండేళ్లపాటు ఆరు నెలలకొకసారి సామాజిక కార్యకర్త వచ్చి పాప ఎలా ఉందో చూసి, ఫొటోలతో సహా నివేదికను పోర్టల్‌లో పెడతారు; ఒక్కో సందర్శనకు 2,000 రూపాయలు. మొదటిది సెప్టెంబరులో అయింది. పాప బరువు చూసుకుని, పునరుద్ధరణకు వచ్చిన ఆయనే ఈసారీ సంతృప్తిగా రాసుకున్నారు. మేము వచ్చే ఏడాది పెందుర్తి వైపు ఇల్లు మారాలనుకుంటున్నామని చెబితే, మారిన వెంటనే కొత్త చిరునామా పోర్టల్‌లో మార్చి తమకు ఫోను కూడా చేయమని, లేకపోతే తదుపరి సందర్శన పాత చిరునామాకే నమోదవుతుందని హెచ్చరించారు. రెండో సందర్శన మార్చి నెలలో ఉంటుంది.